సొంత ప్లగిన్ రాయాలా, ఉన్నదాంతో సర్దుకోవాలా?

భీమవరంలో రొయ్యలు కొనే ఆయన ఒకరు, ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే కుటుంబం ఒకటి, కడియం దగ్గర నర్సరీ ఒకటి. ముగ్గురివీ వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లే. ముగ్గురూ కాస్త అటూఇటుగా ఒకే సమయంలో నన్ను ఒకే మాట అడిగారు: "మాకో ప్లగిన్ రాసి పెట్టండి." చివరికి నేను రాసింది ఒక్కరికే. మిగతా ఇద్దరికీ ఎందుకు వద్దన్నానో, ఆ ఒక్కరికీ ఎందుకు తప్పలేదో చెబుతాను. మీ సైటు ఎటు మొగ్గుతుందో పోల్చి చూసుకోండి.

కొత్తవాళ్ల కోసం ప్లగిన్ అంటే ఏమిటో రెండు మాటలు. వర్డ్‌ప్రెస్ 2003 మేలో వచ్చింది, ప్లగిన్ల ఏర్పాటు 2004లో 1.2 వెర్షన్‌తో చేరింది. మన ప్రధాన కాలువకు పొడవునా తూములున్నట్టు, వర్డ్‌ప్రెస్ పేజీ తయారుచేసే దారి పొడవునా హుక్కులుంటాయి. వాటిలో రెండు రకాలు. యాక్షన్ అంటే "ఈ చోటికి వచ్చాం, నీ పనేదైనా ఉంటే చేసుకో" అని పిలవడం. ఫిల్టర్ అంటే బోదెలో వచ్చిన నీటిని మీ చేలోకి తిప్పుకుని, మళ్లీ కింది చేనుకు వదలడం. ఫిల్టర్ రాసి విలువను తిరిగి ఇవ్వడం మరిచిపోతే కింది చేలు ఎండిపోతాయి, అంటే పేజీలో ఆ భాగం ఖాళీగా వస్తుంది. కొత్తగా రాసేవాళ్లు తరచుగా చేసే తప్పు ఇది. ఈ హుక్కులకు మన కోడ్ తగిలించి, కాలువను తవ్వకుండానే పని జరిపించుకోవడమే ప్లగిన్.

ఏం చూసి తేల్చుకోవాలి

డబ్బు దగ్గర మొదలుపెట్టకండి, అది చివర్లో దానంతట అదే తేలుతుంది. నేను అడిగే ప్రశ్నలు ఇవి.

మీకు కావలసింది అందరి వ్యాపారాల్లోనూ ఉండేదేనా, మీ వ్యాపారానికే ప్రత్యేకమైనదా? కాంటాక్ట్ ఫారం, ఫొటో గ్యాలరీ, బ్యాకప్, పేమెంట్ ఇవన్నీ అందరికీ ఉండేవే. వాటికి సొంతంగా రాస్తానంటే, ఇంటి పక్కనే పంటు ఉండగా తెప్ప కట్టుకున్నట్టే.

రేపు థీమ్ (సైటు పైరూపం) మారిస్తే ఇది ఉండాలా, పోయినా ఫరవాలేదా? రంగు, అక్షరాల సైజు పోతే పోనివ్వండి. రేట్లు, మొక్కల జాబితా పోతే మాత్రం పుట్టి మునుగుతుంది.

రోజూ దాన్ని వాడేదెవరు? మీరా, కొట్లో కూర్చునే కుర్రాడా? ఫోన్లోనా, కంప్యూటర్లోనా?

ఉదయాన్నే సైటు తెల్లగా, ఖాళీగా కనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా ప్రశ్నల జోలికే పోవద్దు.

మొదటి దారి: ఉన్న ప్లగిన్ పెట్టుకోవడం

పూతరేకుల వాళ్లు అడిగింది ఇది: "మన రెండు ఉమ్మడి గోదావరి జిల్లాల వాళ్లకి డెలివరీ ఛార్జీ ఒకటి, బయటివాళ్లకి ఇంకొకటి. దానికో ప్లగిన్ కావాలండీ." వాళ్ల సైటులో అప్పటికే వూకామర్స్ (ఆన్‌లైన్ అమ్మకాల ప్లగిన్) ఉంది. అందులో షిప్పింగ్ జోన్లనే ఏర్పాటు 2016లో వచ్చిన 2.6 వెర్షన్ నుంచీ ఉంది. జోన్‌కి పిన్‌కోడ్లు ఇవ్వొచ్చు, చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ అంకెలతో మొదలయ్యేవన్నీ అందులోకి వస్తాయి. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం పిన్‌కోడ్లు 533తోను, భీమవరం, ఏలూరు పిన్‌కోడ్లు 534తోను మొదలవుతాయి. రెండు లైన్లలో 533*, 534* అని రాశాం, పని అయిపోయింది. ఒక్కటే జాగ్రత్త: జోన్లను పైనుంచి కిందికి చూసి మొదట కుదిరినదాన్ని పట్టుకుంటుంది, కాబట్టి మన జోన్ "దేశమంతా" అనే జోన్‌కి పైన ఉండాలి. కింద పెడితే అమలాపురం కస్టమర్‌కి కూడా ఢిల్లీ ఛార్జీ పడుతుంది.

అంటే వాళ్లకు కొత్త ప్లగిన్ కాదు, ఉన్న ప్లగిన్‌ సెట్టింగ్స్ చదివే ఓపిక కావాలి. నా దగ్గరికి వచ్చే "ప్లగిన్ రాయండి" కేసుల్లో చాలా వాటి కథ ఇదే. ఇలా చెప్పుకోవడం నా పొట్ట మీద నేనే కొట్టుకోవడం, అయినా చెబుతున్నా.

కొత్త ప్లగిన్ పెట్టుకోవలసి వస్తే, అధికారిక డైరెక్టరీలోని దాని పేజీలో చూడవలసింది నక్షత్రాలను కాదు. చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది? గత రెండు నెలల్లో జనం అడిగిన సమస్యల్లో ఎన్ని తేల్చారు? తాజా మూడు పెద్ద వెర్షన్లతో పరీక్షించలేదని పసుపు పట్టీ ఏమైనా ఉందా? ఏళ్ల తరబడి ముట్టుకోని ప్లగిన్ ఇవాళ పనిచేస్తున్నా, హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ని రాసిన భాష) వెర్షన్ మార్చిన రోజున పడిపోవచ్చు. 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8లో కొన్ని పాత ఫంక్షన్లను పూర్తిగా తీసేశారు. వాటిని వాడిన ప్లగిన్లన్నీ అక్కడే చతికిలబడ్డాయి.

ఈ దారిలో ఉన్న అసలు ఇబ్బంది బరువు. మీకు కావలసింది ఒక్క ముక్క, వాళ్లిచ్చేది యాభై ముక్కలు. అడ్మిన్ స్క్రీన్ నిండా ప్రో వెర్షన్ కొనమనే పట్టీలు ఉంటాయి. సైటు నెమ్మదిస్తే కారణం ఏదో వెతకడం ఇంకో పని.

రెండో దారి: ఫంక్షన్స్ ఫైల్లో నాలుగు లైన్లు

ఎక్కడో దొరికిన కోడ్‌ని థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్లో అతికించడం. అందరూ చేస్తారు, నేనూ చేశాను. చిన్న పనికి ఇది మంచి దారే, కానీ చైల్డ్ థీమ్ (అసలు థీమ్‌ని ముట్టుకోకుండా మన మార్పులు విడిగా ఉంచే చిన్న థీమ్) ఉంటేనే. అసలు థీమ్ ఫైల్లో రాస్తే, థీమ్ అప్‌డేట్ అయిన రోజున మీరు రాసిందంతా వరదలో లంక మట్టి కొట్టుకుపోయినట్టు పోతుంది. మొదట్లో ఒక సైటుకి నేనిలాగే రాశాను. రెండు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత సైటు యజమాని ఎర్ర చుక్క కనిపించిందని అప్‌డేట్ నొక్కారు. ఆయన తప్పేం లేదు, నొక్కమనే కదా ఆ చుక్క.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. మొక్కలు, వంటకాలు, స్థలాలు వంటి కొత్త రకం పోస్టులను థీమ్‌లో నమోదు చేస్తే, థీమ్ మార్చగానే అవన్నీ అడ్మిన్‌లో కనిపించకుండా పోతాయి. డేటాబేస్‌లో ఉంటాయి, చెరిగిపోవు. కానీ ఆ రకాన్ని నమోదు చేసే కోడ్ లేదు కాబట్టి వర్డ్‌ప్రెస్ వాటిని గుర్తుపట్టదు. మూడొందల మొక్కల వివరాలు ఎక్కించిన మనిషికి ఆ పూట టెన్షన్ మామూలుగా ఉండదు.

అతికించిన కోడ్ పనిచేయకపోతే చాలాసార్లు తప్పు మీది కాదు, కోడ్ పాతబడింది. ఉదాహరణకి వూకామర్స్ చెక్‌అవుట్‌లో (ఆర్డర్ ఖాయం చేసే పేజీలో) కొత్త గడి చేర్చడానికి వెతికితే దొరికేవి ఎక్కువగా పాత ఫిల్టర్‌తో రాసినవే. 2023 నవంబరులో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి కొత్త సైట్లకు బ్లాక్ చెక్‌అవుట్ ఇస్తున్నారు. ఆ పాత ఫిల్టర్‌ని అది పట్టించుకోదు. తప్పు చూపించదు, గడీ రాదు. ఇప్పుడు ఏఐని అడిగి కోడ్ రాయించుకునేవాళ్లకూ ఇదే ఎదురవుతోంది. మీది పాత చెక్‌అవుటో కొత్తదో ముందే చెప్పి అడగండి.

మూడో దారి: సొంత ప్లగిన్

ఇక రొయ్యల ఆయన సంగతి. రొయ్యల ధర కౌంట్‌ని బట్టి ఉంటుంది. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు తూగాలి, 100 కౌంట్ అంటే 100. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. రైతు చెరువు పట్టుబడి ఎప్పుడు పెట్టుకోవాలో తేల్చుకునేది ఈ రేటు చూసే. అది రోజూ మారుతుంది. ఆయనకు కావలసింది పొద్దున్నే ఫోన్లో ఎనిమిది గడులు నింపి సేవ్ కొడితే సైటులో కనిపించడం.

ముందు టేబుల్‌ప్రెస్ పెట్టి చూశాం. మంచి ప్లగిన్, పట్టికలకు దానికి మించింది నాకు కనిపించలేదు. వారం తర్వాత ఫోన్ చేశారు. "ఏవండీ, ఎనిమిది అంకెలు మార్చడానికి నాకిన్ని బటన్లు ఎందుకండీ? మొన్న మా అబ్బాయి అడ్డవరస ఒకటి లేపేశాడు. ఆయ్, రైతులు ఫోన్ల మీద ఫోన్లు." పైగా నిన్నటి రేటు ఎంతో, పోయిన నెల ఇదే రోజు ఎంతో అందులో దొరకదు. పాత అంకె మీద కొత్తది రాసేస్తాం కదా. రైతులు అడిగేది సరిగ్గా అదే.

అక్కడ సొంత ప్లగిన్ తప్పదని తేల్చాను. నియమం పూర్తిగా ఈ వ్యాపారానిదే, వాడేది ఒక మనిషి ఒక చిన్న ఫోన్లో, పాత వివరాలు నిలవాలి, థీమ్‌తో సంబంధం లేదు. నాలుగూ ఒకే వైపు చూపించాయి.

ప్లగిన్ మొదలుపెట్టడం జనం అనుకున్నంత పెద్ద పని కాదు. ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఒక ఫోల్డర్, అందులో ఒక పీహెచ్‌పీ ఫైలు, దాని తలమీద వ్యాఖ్యగా ప్లగిన్ పేరు. ఆ పేరు ఒక్కటి ఉంటే చాలు, వర్డ్‌ప్రెస్ దాన్ని జాబితాలో చూపిస్తుంది. కష్టమంతా ఆ తర్వాత ఉంది.

ముందుగా భద్రత. రేటు మార్చే ఫారం ఎవరు పంపినా ఒప్పుకుంటే, పక్కూరి పోటీదారు 30 కౌంట్ రేటు వంద రూపాయలు తగ్గించి కూర్చోవచ్చు. అందుకే ఈ మనిషికి మార్చే హక్కు ఉందా అని ఒకసారి, ఈ ఫారం మన పేజీ నుంచే వచ్చిందా అని నాన్స్‌తో (ఫారంలో దాచి పంపే గుర్తుతో) ఒకసారి చూడాలి. రెండూ వేర్వేరు పరీక్షలు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకూడదు. లోపలికి వచ్చే అంకెను శుభ్రం చేయాలి, బయటికి చూపించేటప్పుడు ఎస్కేప్ చేయాలి, అంటే అందులో కోడ్ దూరినా నడవకుండా మార్చి చూపించాలి.

తర్వాత కాషింగ్. సేవ్ కొట్టాక కూడా సైటులో నిన్నటి రేటే కనిపిస్తే, దాచిపెట్టిన పాత పేజీని కాష్ ప్లగిన్ చూపిస్తోందన్నమాట. రేటు సేవ్ అవ్వగానే ఆ ఒక్క పేజీ కాష్ తుడిచే లైను రాయాలి. మొదటి రోజు నేను రాయలేదు, తిట్లు తిన్నాను.

ఇంకోటి, పొద్దున ఆరింటికి రేటు దానంతట అదే కనిపించాలని టైమ్ పెడితే అది ఆరున్నరకో ఏడుకో జరిగేది. వర్డ్‌ప్రెస్ క్రాన్‌కి (టైమ్ ప్రకారం పనులు నడిపే ఏర్పాటుకి) సొంత గడియారం లేదు. సైటుకి ఎవరైనా వచ్చినప్పుడే టైమ్ చూసుకుని పని చేస్తుంది. తెల్లవారుజామున మనుషులు రారు, పని జరగదు. హోస్టింగ్ ప్యానెల్లో నిజమైన క్రాన్ పెట్టి, వర్డ్‌ప్రెస్‌ది ఆపేస్తే సరిపోయింది.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. ఫంక్షన్ల పేర్ల ముందు మీదైన ముక్క ఏదైనా తగిలించండి. రెండు ప్లగిన్లలో ఒకే పేరుతో ఫంక్షన్ ఉంటే సైటు మొత్తం ఆగిపోతుంది. ప్లగిన్ ఫోల్డర్ పేరు డైరెక్టరీలో ఉన్న ఇంకో ప్లగిన్ పేరుతో కలిస్తే, వాళ్ల అప్‌డేట్ మీ సైటులో కనిపించి, ఎవరో నొక్కి, మీ కోడ్ పోయి వాళ్లది కూర్చుంటుంది. 2021లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి ప్లగిన్ తలమీద అప్‌డేట్ యూఆర్ఐ అనే లైను రాస్తే ఈ బెడద ఉండదు.

నాలుగో దారి: వేరొకరి ప్లగిన్‌ని మార్చుకోవడం

వర్డ్‌ప్రెస్ జీపీఎల్ లైసెన్సుతో వస్తుంది, డైరెక్టరీలోని ప్లగిన్లూ దానికి పొసిగే లైసెన్సుతోనే ఉంటాయి. కాబట్టి కోడ్ తీసుకుని మార్చుకునే హక్కు మీకుంది. హక్కు ఉందని చేయమని నేననను. మార్చిన రోజు నుంచి వాళ్ల భద్రతా సవరణలు మీకు రావు, ప్రతిదీ చూసి మీరే చేర్చుకోవాలి. ఆ ప్లగిన్ తనకంటూ సొంత హుక్కులు ఇచ్చిందేమో ముందు చూడండి. ఇస్తే, దాన్ని ముట్టుకోకుండా వాటికి తగిలించుకునే పది లైన్ల చిన్న ప్లగిన్ రాసుకోవచ్చు. నేను ఎప్పుడూ అటే మొగ్గుతాను.

| | ఉన్న ప్లగిన్ | ఫంక్షన్స్ ఫైలు | సొంత ప్లగిన్ | మార్చిన కాపీ |
|---|---|---|---|---|
| పట్టే సమయం | ఒక పూట | గంట | వారాలు | మొదట తక్కువ, పోనుపోను ఎక్కువ |
| థీమ్ మారితే | ఉంటుంది | పోతుంది | ఉంటుంది | ఉంటుంది |
| అప్‌డేట్ల బాధ్యత | వాళ్లది | మీది | మీది | మీదే, పైగా వాళ్ల మార్పులూ చూడాలి |
| ఫోన్లో వాడటం | వాళ్లు ఇచ్చినట్టు | చాలావరకు అడ్మిన్ స్క్రీన్ ఉండదు | మీకు కావలసినట్టు | వాళ్లు ఇచ్చినట్టు |

నర్సరీ సంగతి: మధ్య దారి

వాళ్లకు మొక్కలు వందల రకాలు. ఒక్కో మొక్క నాలుగైదు కవరు సైజుల్లో ఉంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మరు, లారీ లోడు మాట్లాడుకునే బేరాలే. కస్టమర్ చూసి వాట్సాప్ చేస్తే చాలు. వూకామర్స్ పెడితే వాడని కార్టూ, పేమెంటూ మోయాలి. పూర్తిగా సొంత ప్లగిన్ రాయడానికీ అంత పని లేదు. అందుకని కస్టమ్ పోస్ట్ టైప్ యూఐ అనే ప్లగిన్‌తో "మొక్క" అనే కొత్త రకం, కవరు సైజుకి ఒక వర్గీకరణ పెట్టాం. ఆ ప్లగిన్ తాను చేసిన నమోదుకి కోడ్ కూడా ఇస్తుంది. అంతా కుదురుకున్నాక ఆ కోడ్‌ని ఒకే ఫైలుగా మస్ట్ యూజ్ ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెట్టాను. అక్కడ పెట్టినవి వాటంతటవే నడుస్తాయి, అడ్మిన్ నుంచి ఎవరూ ఆపలేరు. కొట్లో కొత్తగా చేరిన కుర్రాడు కుతూహలంగా డీయాక్టివేట్ నొక్కే భయం లేదు.

వాళ్లది ఇంకో కోరిక ఉంది, అది నేను ఇంకా తేల్చలేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే, లంక గ్రామాలకు డెలివరీ లేదని సైటులో రావాలి. మట్టం అంకెను ఎక్కడినుంచో తెచ్చి అదే ఆన్ అయ్యేలా ప్లగిన్ రాయొచ్చు, రాయాలని చేతులు దురద పెడుతున్నాయి కూడా. కానీ వరద రోజుల్లో కరెంటు, నెట్ రెండూ నమ్మలేం. గోదారి ఎర్రబడితే ఎవరికీ సైటు చూసి తెలుసుకోవలసిన పని లేదు. ఒక చెక్‌బాక్స్ పెట్టి, ఏటిగట్టు మీదికి వెళ్లి చూసొచ్చినవాళ్లు దాన్ని ఆన్ చేస్తే సరిపోతుందేమో అనిపిస్తోంది.

తెలుగు సైటుకి ప్రత్యేకంగా

ఎవరు రాసిన ప్లగిన్ అయినా ఇక్కడ పరీక్షించండి. "పూతరేకులు" చూడటానికి అయిదు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో గుణింతాలతో కలిపి తొమ్మిది, బైట్లలో 27. మామూలు పీహెచ్‌పీ కోత ఫంక్షన్ బైట్లు లెక్కపెడుతుంది, కాబట్టి ఉత్పత్తి వివరం పొడవు తగ్గించేటప్పుడు అక్షరం మధ్యలో తెగి చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వస్తుంది. మల్టీబైట్ ఫంక్షన్ వాడినా కొమ్ము ఊడి "కు" కాస్తా "క" అయిపోవచ్చు.

లింకులూ అంతే. తెలుగు శీర్షికతో పోస్ట్ వేస్తే లింకులో ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. ఆ పేరుకు డేటాబేస్‌లో ఉన్న చోటు 200. "ఆత్రేయపురం పూతరేకులు ధరలు" అన్న మూడు మాటలకే 209 అవుతాయి, చివరి మాట తెగిపోతుంది. శీర్షిక తెలుగులో ఉంచి, లింకు పేరు మాత్రం చేత్తో ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వండి. ఆర్డర్ మెసేజ్ తెలుగులో పంపే ప్లగిన్ అయితే ఎస్ఎంఎస్ ఖర్చు ముందే చూసుకోండి: ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70.

ఎవరికి ఏది

కోడ్ తెలియని కొట్టు యజమాని అయితే మొదటి దారే, నెలకోసారి సెట్టింగ్స్ తీరిగ్గా చదవండి. భీమవరంలోనో కాకినాడలోనో ఇంజినీరింగ్ చదువుతూ నేర్చుకోవాలని చూసేవాళ్లయితే సొంత ప్లగిన్ రాయండి, కానీ మామయ్యగారి నడుస్తున్న సైటు మీద కాదు, మీ ల్యాప్‌టాప్‌లో కాపీ పెట్టుకుని. వర్డ్‌ప్రెస్ లాంటివే అయిన ద్రూపాల్‌లో ప్లగిన్లను మాడ్యూల్స్ అంటారు, జూమ్లాలో ఎక్స్‌టెన్షన్లు. అక్కడికి వెళ్లినా మీరు వేసుకోవలసిన ప్రశ్నలు ఇవే.

డబ్బిచ్చి రాయించుకునేవాళ్లయితే కోడ్ మొత్తం జిప్ ఫైలుగా మీ చేతికి రావాలి, హోస్టింగ్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. సైటు పడిపోతే ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చడం ఎలాగో రాసేవాడి చేత మీ ఎదుట చేయించి చూడండి. పేరు మారిస్తే వర్డ్‌ప్రెస్‌కి ఆ ప్లగిన్ దొరకదు, దాన్ని పక్కనపెట్టి మిగతా సైటు లేస్తుంది. 5.2 వెర్షన్ నుంచి ఇలాంటప్పుడు అడ్మిన్ మెయిల్‌కి రికవరీ లింకు వస్తుంది. ఆ మెయిల్ అడ్రసు పాత డెవలపర్‌దే ఉండిపోయిన సైట్లు నేను చాలా చూశాను, ముందు అది మార్పించుకోండి.

రొయ్యల ఆయన ప్లగిన్‌లో ఒక్కటి కావాలనే వదిలేశాను. ప్లగిన్ తొలగిస్తే దాని డేటా కూడా తుడిచిపెట్టే ఫైలు ఒకటి రాయడం మంచి పద్ధతి. నేను రాయలేదు. రేపు ఆయన నన్ను మాన్పించి ఇంకొకరి చేత రాయించుకున్నా, ఇన్నాళ్ల రేట్లు ఆ పట్టికలో అలాగే ఉంటాయి.